గంగారంలో ఇల్లు అమ్మాలా? ధర కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

ఇల్లు అమ్ముదామనుకున్న ఎవరైనా మొదట అడిగే మాట 'ఎంతొస్తుంది?' అని. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో మాత్రం అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: 'ఎవరికి అమ్మొచ్చు?' ఇది తేల్చుకోకుండా బయానా తీసుకున్న కుటుంబం రేపు ఇల్లూ పోగొట్టుకోవచ్చు, తీసుకున్న డబ్బూ తిరిగి కట్టాల్సి రావచ్చు. కొన్న కుటుంబం పరిస్థితి ఇంకా కష్టం.

పిల్లల చదువుల కోసం నర్సంపేటకో, వరంగల్‌కో, హైదరాబాద్‌కో మారేవాళ్లు, తండ్రి పోయాక ఊళ్లో ఇల్లు తాళం పడి ఉన్నవాళ్లు, కూతురి పెళ్లికో అప్పుకో డబ్బు అవసరమైనవాళ్లు... ఇల్లు అమ్మకానికి పెట్టే కారణాలు ఇలాంటివే. కారణం ఏదైనా, తొందర ఎంత ఉన్నా, వరుస మాత్రం తప్పకూడదు. ముందు చట్టం, తర్వాత వారసులు, ఆ తర్వాత కాగితాలు, చివరికి ధర.

ఒకే పేరు, వేర్వేరు చట్టాలు

గంగారం అనే పేరుతో ఊళ్లు ఒక్క మహబూబాబాద్ జిల్లాలోనే కాదు, భూపాలపల్లి వైపు కూడా ఉన్నాయి. పేరు ఒకటే అయినా అన్నింటికీ ఒకే చట్టం వర్తించదు. మైదాన ప్రాంతంలో ఉన్న ఊరిలో ఇల్లు ఎవరికైనా అమ్మొచ్చు. ఏజెన్సీ, అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్న ఊరిలో అలా కుదరదు.

2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాత వరంగల్ జిల్లా కొత్తగూడ మండలం నుంచి ఊళ్లు తీసి గంగారం మండలం చేశారు. కోయ కుటుంబాలు ఎక్కువగా ఉండే ఈ ప్రాంతం ఏటూరునాగారం ఐటీడీఏ పరిధిలోది. 1950 డిసెంబర్ 7న రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వులో అప్పటి నర్సంపేట తాలూకా కింద ఇక్కడి ఊళ్ల పేర్లు ఉన్నాయి. తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, ఒక జిల్లా అయిదారు జిల్లాలైంది. కానీ జిల్లా మారినంత మాత్రాన షెడ్యూల్డ్ హోదా మారదు. దాన్ని మార్చాలంటే మళ్లీ రాష్ట్రపతి ఉత్తర్వే కావాలి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఈ హోదాకు లెక్క రెవెన్యూ గ్రామం, మండలం కాదు. కొన్ని మండలాల్లో కొన్ని ఊళ్లే ఏజెన్సీ కిందికి వస్తాయి. అందుకే 'మా పక్కూరాయన అమ్ముకున్నాడుగా' అనే మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఇల్లున్న రెవెన్యూ గ్రామం పేరు రాసి, అది షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందా లేదా అని తహసీల్దార్ కార్యాలయంలో అర్జీ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట రేపు కోర్టులో పనికిరాదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా కూడా ఉంటుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద తయారైన ఈ జాబితాలో సర్వే నంబర్ ఉందేమో చూసుకోవాలి.

1/70 ఏం చెబుతుంది?

జనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలిచే చట్టం నిజానికి 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ. 1959 నిబంధనలు తెలంగాణ ప్రాంతానికి 1963లో వర్తించాయి. సవరణ 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చింది. దాని సారం ఇది: ఏజెన్సీలో ఉన్న స్థిరాస్తిని ఎవరు అమ్మినా, అమ్మేవాళ్లు గిరిజనులైనా కాకపోయినా, కొనేవాళ్లు షెడ్యూల్డ్ తెగల వాళ్లే అయి ఉండాలి. లేదంటే సభ్యులందరూ గిరిజనులే అయిన సహకార సంఘం కొనాలి. వేరే ఎవరికి అమ్మినా ఆ అమ్మకం పూర్తిగా చెల్లదు.

చాలామంది పొరపడేది ఇక్కడే. 'ఇది పొలాల చట్టం, ఇళ్లకు కాదు' అనుకుంటారు. చట్టంలో ఉన్న మాట 'స్థిరాస్తి'. ఇల్లు, ఇంటి జాగ కూడా స్థిరాస్తే. 'మేమూ గిరిజనేతరులమే, కొనేవాళ్లూ గిరిజనేతరులే, ఇందులో గిరిజనుడికి నష్టమేముంది?' అనేది రెండో వాదన. 1970కి ముందు ఆ వాదనకు చోటు ఉండేది. సవరణ వచ్చాక లేదు. ఈ సవరణ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో తేల్చి చెప్పింది.

'బదలాయింపు' అనే మాట కూడా అమ్మకంతో ఆగదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, వీటికి సంబంధించిన ఒప్పందం కూడా అందులోకే వస్తాయి. అంటే అమ్మకపు అగ్రిమెంటు రాసుకోవడం దగ్గరి నుంచే చిక్కు మొదలవుతుంది.

చెల్లని అమ్మకం జరిగితే ఏమవుతుంది? ఎవరైనా ఫిర్యాదు చేసినా, అధికారి తనంతట తాను కదిలినా ఎల్‌టీఆర్ కేసు నమోదవుతుంది. కొన్నవాళ్లను ఖాళీ చేయించి ఆస్తిని అమ్మినవాళ్లకు లేదా వాళ్ల వారసులకు ఇప్పించే అధికారం చట్టంలో ఉంది. వాళ్లు తీసుకోకపోతే, ఎక్కడున్నారో తెలియకపోతే ఆ ఆస్తిని వేరే గిరిజనులకు కేటాయించవచ్చు. తెలిసీ ఇలాంటి లావాదేవీ చేయడం నేరం కూడా.

ఈ చట్టం ఎందుకొచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. అప్పుల పేరుతో, కాగితాల పేరుతో ఆదివాసీల భూములు చేతులు మారిపోయిన చరిత్ర నిజాం కాలం నాటిది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ ప్రాణాలు పోయాక ఆదివాసీల పరిస్థితిని తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను రప్పించింది. ఆ తర్వాత హైదరాబాద్ రాజ్యంలో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. నేటి చట్టం ఆ వరుసలోదే. దీన్ని దొంగదారిన దాటడం చట్టరీత్యానే కాదు, ఒకరి హక్కును ఇంకొకరు కాజేయకూడదనే దీన్ ప్రకారం కూడా తప్పు.

పాత కొనుగోలు అయితే?

తాత కాలంలో కొన్న ఇల్లు అయితే ఆ కొనుగోలు తేదీ ప్రాణం లాంటిది. 1970 సవరణ అంతకుముందే చెల్లుబాటుగా జరిగిన బదలాయింపులను రద్దు చేయదని సుప్రీంకోర్టు 1995లో వెంకటరమణయ్య కేసులో చెప్పింది. కాబట్టి 1970 ఫిబ్రవరి 3కు ముందు గిరిజనేతరుల నుంచే కొన్నట్టు కాగితం ఉన్న కుటుంబానికి గట్టి ఆధారం ఉన్నట్టే.

అయితే రుజువు చేయాల్సిన బాధ్యత ఆ కుటుంబానిదే. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న ఆస్తి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని చూపించాల్సింది ఇంట్లో ఉన్నవాళ్లే. అందుకే పాత ఉర్దూ దస్తావేజు అయినా, చిరిగిన పన్ను రసీదు అయినా పారేయవద్దు. ఉర్దూలో ఉన్న పత్రానికి తెలుగు తర్జుమా చేయించి, అసలుతో కలిపి భద్రపరచాలి. పిల్లలకు ఉర్దూ చదవడం రాని ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. పెట్టెలో ఉన్న కాగితం విలువ తెలిసిన పెద్దాయన ఉన్నప్పుడే ఈ పని చేయించుకోవాలి.

ఏజెన్సీలో అమ్మడానికి ఉన్న దారులు

మొదటిది, గిరిజన కుటుంబానికి అమ్మడం. కోయ, లంబాడా వంటి షెడ్యూల్డ్ తెగల కుటుంబాల్లో ఉద్యోగులు, టీచర్లు, చిన్న వ్యాపారులు ఉన్నారు. కొనేవాళ్ల కుల ధ్రువీకరణ పత్రం నకలు తీసుకుని ఫైల్‌లో పెట్టుకోవాలి. డబ్బు నిజంగా వాళ్లదేనా అన్నది కూడా చూసుకోవాలి. గిరిజనుడి పేరు మీద రాయించి వెనక ఉండి వేరేవాళ్లు డబ్బు పెడితే అది బినామీ. అలాంటి అమ్మకం కూడా చెల్లదని చట్టమే చెబుతోంది.

రెండోది, ప్రభుత్వానికి దరఖాస్తు. గిరిజనులెవరూ కొనడానికి ముందుకు రాకపోతే, లేదా అడిగిన ధరకు ఒప్పుకోకపోతే, భూమిని ప్రభుత్వమే తీసుకోవాలని ఏజెన్సీ అధికారులకు దరఖాస్తు పెట్టుకునే వీలు చట్టంలో ఉంది. పరిహారం భూపరిమితి చట్టంలోని లెక్క ప్రకారం ఇస్తారు కాబట్టి మార్కెట్ ధర ఆశించవద్దు. తీసుకోవడం అధికారుల విచక్షణ. చట్టంలో ఉన్న మాట 'భూమి' కనుక ఇంటి విషయంలో ఇది ఎంతవరకు పనికొస్తుందో దరఖాస్తుకు ముందే వకీలుతో మాట్లాడాలి.

మూడోది, అమ్మకుండా ఉంచుకోవడం. ఇది ఓటమి కాదు. వారసత్వంగా ఆస్తి రావడం, వారసుల మధ్య పంపకం 'బదలాయింపు' కిందికి రావని చట్టం స్పష్టంగా చెప్పింది. అంటే తండ్రి ఇల్లు పిల్లలకు రావడానికి ఏ అడ్డూ లేదు. ఏ దారీ సరిగా లేనప్పుడు ఉన్న హక్కును కాపాడుకుంటూ మంచి కొనుగోలుదారు కోసం ఆగడం చాలాసార్లు తెలివైన పని.

ఇక దారులు కానివి కొన్ని ఉన్నాయి. సాదా కాగితం మీద రాసుకోవడం, వంద రూపాయల స్టాంపు పేపర్ మీద నోటరీ చేయించడం, జీపీఏ ఇచ్చేసి 'అమ్మేశాం' అనుకోవడం. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఇది ఏజెన్సీకే కాదు, దేశమంతటికీ వర్తిస్తుంది. సాదాబైనామాల క్రమబద్ధీకరణ వ్యవసాయ భూముల కోసం పెట్టింది, దాని మీద ఆశ పెట్టుకుని ఇల్లు కొనడం, అమ్మడం తగదు.

వారసుల లెక్క తేలాకే బేరం

తండ్రి చనిపోయిన ఇంటి విషయంలో ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. షరియత్ ప్రకారం మనిషి కన్ను మూసిన క్షణం నుంచే ప్రతి వారసుడికీ, వారసురాలికీ వాటా ఏర్పడుతుంది. ఇల్లు ఇంకా తండ్రి పేరు మీదే ఉన్నా, పెద్దకొడుకు పన్ను కడుతున్నా అది అందరిదీ. ఒక్కరు సంతకం పెడితే ఆ ఒక్కరి వాటాకే సంబంధం.

పంపకానికి ముందు వరుసగా చూడాల్సినవి: అంత్యక్రియల ఖర్చు, అప్పులు, ఆ తర్వాత మొత్తంలో మూడో వంతు మించని వసియ్యత్. భార్యకు చెల్లించని మహర్ ఉంటే అది కూడా అప్పే. మిగిలినదే వారసులది.

ఒక ఉదాహరణ. ఇంటి పెద్ద చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్యకు 8లో 1 వంతు. మిగిలినది కొడుకుకు రెండు, కూతురికి ఒకటి చొప్పున. మొత్తం 40 వంతులనుకుంటే భార్యకు 5, ఒక్కో కొడుకుకు 14, కూతురికి 7. అప్పులు పోగా ఇంటి విలువ 20 లక్షలు ఉంటే భార్యకు 2.5 లక్షలు, కొడుకులకు చెరి 7 లక్షలు, కూతురికి 3.5 లక్షలు. చనిపోయినాయన తల్లి బతికి ఉంటే ఆమెకు 6లో 1 వంతు వస్తుంది, మిగతా లెక్క మారుతుంది. కొడుకులు లేని ఇళ్లలో లెక్క వేరు. అందుకే వంశవృక్షం రాసుకుని ఆలిమ్ దగ్గరికి వెళ్లి ఫరాయిజ్ లెక్క కాగితం మీద రాయించుకోవాలి.

కూతురి వాటా దగ్గర చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: 'పెళ్లికి పెట్టాం కదా' అని. పెళ్లి ఖర్చు మీరాస్‌కు బదులు కాదు. 'నాకేం వద్దు భాయ్' అని చెల్లెలు పుట్టింటికి దూరమవుతామనే భయంతో అన్న మాట ఇష్టపూర్వకంగా వదులుకోవడం కాదు. ముందు ఆమె వాటా ఎంతో చెప్పాలి, ఆమె చేతికి ఇవ్వాలి. ఆ తర్వాత ఆమె ఇస్తానంటే అది ఆమె ఇష్టం. ఇది దీన్ మాట మాత్రమే కాదు. ఆమె సంతకం లేని దస్తావేజును కొన్నవాళ్ల వకీలు ఒప్పుకోడు. బ్యాంకు లోన్ కూడా రాదు.

ఏజెన్సీలో దీనికి ఇంకో కోణం ఉంది. చెల్లెలి వాటాను అన్న 'కొన్నట్టు' దస్తావేజు రాస్తే అది గిరిజనేతరుల మధ్య అమ్మకమే అవుతుంది. తండ్రి బతికుండగానే ఒక కొడుకుకు హిబా చేస్తే అది దానం, అదీ బదలాయింపే. అందువల్ల ఒకరు ఇల్లు ఉంచుకుని మిగతావాళ్లకు డబ్బు ఇవ్వాలనుకుంటే, ఆ ఏర్పాటును పంపకం దస్తావేజుగా, అందరు వారసులూ కలిసి, వకీలు చేత రాయించాలి. పేరు ఒకటి పెట్టి లోపల అమ్మకం రాస్తే రేపు చిక్కే.

మైనర్ పిల్లలుంటే ఇంకా జాగ్రత్త. ముస్లిం లా ప్రకారం మైనర్ ఆస్తికి సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తాత. తల్లి గానీ అన్న గానీ మైనర్ వాటాను తమంతట తాము అమ్మితే చెల్లదు. ప్రీవీ కౌన్సిల్ 1918లోనే ఈ మాట చెప్పింది. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. దీనికి నెలలు పడుతుంది కనుక ముందే మొదలుపెట్టాలి.

ఇంకో మాట. ఇద్దత్‌లో ఉన్న తల్లి చేత సంతకాలు పెట్టించే తొందర వద్దు. ఆ నాలుగు నెలల పది రోజులు ఆమెను ఆ ఇంట్లో ప్రశాంతంగా ఉండనివ్వాలి. ఇల్లు అమ్మాక ఆమె ఎక్కడ, ఎవరి దగ్గర ఉంటుందో తేలకుండా బేరం మొదలుపెట్టకూడదు.

ఫైల్‌లో ఉండాల్సిన కాగితాలు

ఊళ్లో చాలా ఇళ్లు గ్రామకంఠం జాగలో ఉంటాయి. వాటికి రిజిస్టర్డ్ దస్తావేజు లేకపోవచ్చు. అలాంటప్పుడు పంచాయతీ రికార్డులే ఆధారం. సిద్ధం చేసుకోవాల్సినవి ఇవి:

• కొనుగోలు దస్తావేజు, దానికి ముందున్న లింకు దస్తావేజులు. పోతే సబ్ రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది.
• గ్రామ పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, ఇంటి నంబర్, యాజమాన్య ధ్రువీకరణ.
• ఈసీ. ఆస్తి మీద తాకట్టు, పాత లావాదేవీలు ఉన్నాయేమో ఇందులో కనిపిస్తుంది.
• కరెంటు బిల్లు, మీటర్ ఎవరి పేరు మీద ఉందో వివరం.
• మరణ ధ్రువీకరణ పత్రం, మీసేవ ద్వారా తీసుకున్న కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం.
• వారసులందరి ఆధార్, పాన్, ఫొటోలు.
• ఇంటి కొలతలు, నాలుగు హద్దులు చూపే నక్ష.
• బ్యాంకు అప్పు తీరిపోయి ఉంటే బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ పత్రం.

పేర్ల తేడాలు ముస్లిం కుటుంబాల్లో మరీ ఎక్కువ. దస్తావేజులో 'మహ్మద్', ఆధార్‌లో 'ఎండీ', పాస్‌పోర్టులో 'మొహమ్మద్'. ఒక చోట 'బీ', ఇంకో చోట 'బేగం'. రిజిస్ట్రేషన్ రోజు ఇవి బయటపడితే పని ఆగిపోతుంది. నెలల ముందే సరిచేయించుకోవాలి.

ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలం పట్టా అయితే అందులోని షరతులు చదవాలి. పేదలకు అసైన్ చేసిన భూమిని అమ్మడాన్ని 1977 చట్టం నిషేధించింది. మసీదు, దర్గా, ఆషుర్‌ఖానా పక్కన ఉన్న ఇల్లయితే ఆ జాగ వక్ఫ్ గెజిట్‌లో లేదని చూసుకోవాలి. వక్ఫ్ ఆస్తిని సొంత ఆస్తిలా అమ్మడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇంటిని సిద్ధం చేయడం, ధర పెట్టడం

అమ్మే ఇంటికి పెద్ద మరమ్మతులు అక్కర్లేదు. పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగి రాదు. పగిలిన పెంకులు, కారే రేకులు, సరిగా పడని తలుపులు, నీళ్ల కనెక్షన్, కరెంటు వైరింగ్ చూసుకుని, సున్నం వేయించి, వాకిలి శుభ్రం చేస్తే చాలు. ఏళ్లుగా తాళం పడిన ఇల్లయితే చెదలు, పాములు, పెరిగిన చెట్లు ముందు తీయించాలి. హద్దురాళ్లు కనిపించాలి. పక్కింటివాళ్లతో గోడ తగాదా ఉంటే ఊరి పెద్దల ముందు తేల్చుకోవాలి.

లోపం ఉంటే దాచకూడదు. వానకు వెనక గోడ నానుతుందని, బావి ఎండాకాలంలో ఎండిపోతుందని కొనేవాళ్లకు చెప్పి అమ్మిన దాంట్లోనే బర్కత్. దాచి అమ్మితే ఆ సొమ్ము హలాల్ కాదని మన పెద్దలు చెబుతూనే ఉన్నారు.

ధర విషయంలో ఏజెన్సీ ఇంటిని నర్సంపేట, మహబూబాబాద్ ధరలతో పోల్చవద్దు. కొనడానికి హక్కున్నవాళ్లు తక్కువ కనుక ధర కూడా అలాగే ఉంటుంది. అదే మండలంలో ఈ మధ్య గిరిజనుల మధ్య జరిగిన రిజిస్టర్డ్ అమ్మకాలే సరైన కొలత. పత్తి, మిర్చి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో కొనేవాళ్లు ఎక్కువ దొరుకుతారు. కొనేవాళ్లు బ్యాంకు లోన్ తీసుకునేవాళ్లయితే కాగితాలు పక్కాగా ఉన్న ఇంటికే మొగ్గు. అంటే ఫైల్ కూడా ధరలో భాగమే. తొందరలో ఉన్నట్టు ఊరంతా తెలిస్తే బేరం దిగజారుతుంది. కనీసం ఆరు నెలలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టడం మేలు.

అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్, పన్ను

మైదాన ఊరిలో ఎవరికి అమ్మినా, ఏజెన్సీలో గిరిజనులకు అమ్మినా పద్ధతి ఒకటే. వంద రూపాయలకు మించిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 20 లక్షలకు 1.5 లక్షలు. మామూలుగా ఇది కొనేవాళ్ల ఖర్చు. అయినా అగ్రిమెంటులో రాసుకోవాలి. బయానా ఎంత, మిగతా డబ్బు ఏ తేదీకి, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలి, బేరం తప్పితే ఏమిటి అన్నవి కూడా స్పష్టంగా ఉండాలి.

నగదు విషయంలో నియమం కఠినం. ఇంటి అమ్మకానికి సంబంధించి 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్న అమ్మకందారుకే. డబ్బు బ్యాంకు ద్వారా రావాలి. వారసులు నలుగురుంటే నలుగురి ఖాతాల్లోకి వాళ్ల వాళ్ల వాటా నేరుగా వచ్చేలా రాయించుకుంటే తర్వాత మాట రాదు, చెల్లెలి డబ్బు చెల్లెలి చేతికే వెళుతుంది.

'ఊళ్లో ఇల్లు కదా, పన్నేముంది' అనుకోవద్దు. మినహాయింపు ఉన్నది పల్లెటూరి వ్యవసాయ భూమికి, ఇంటికి కాదు. 24 నెలలు దాటిన ఇంటి మీద లాభానికి 12.5 శాతం పన్ను. 2024 జూలై 23కు ముందే సంపాదించిన ఇల్లయితే, దేశంలో ఉండేవాళ్లు ధరల సూచీతో సరిచేసి 20 శాతం లెక్క వేసుకుని, రెండింట్లో ఏది తక్కువైతే అది కట్టొచ్చు. వారసత్వంగా వచ్చిన ఇంటికి తండ్రి కొన్న ధర, కాలమే లెక్క. 2001 ఏప్రిల్ 1కి ముందుదైతే ఆ రోజు విలువను తీసుకునే వీలుంది. ఆ లాభంతో రెండేళ్లలో వేరే ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా పన్ను మినహాయింపు దొరుకుతుంది. అమ్మకానికి ముందే ఆడిటర్‌ను ఒకసారి కలవడం మంచిది.

గల్ఫ్‌లో ఉన్న వారసుడి సంతకం

సౌదీలోనో, దుబాయ్‌లోనో ఉన్న కొడుకు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో గానీ కాన్సులేట్‌లో గానీ సంతకం ధ్రువీకరించాలి. ఆ పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఏ ఇల్లు, ఏ హద్దులు, ఏ పనికి అధికారం ఇస్తున్నారో పత్రంలో ఖచ్చితంగా రాయించాలి. 'నా ఆస్తులన్నీ' అని రాసివ్వడం ఇద్దరికీ మంచిది కాదు.

ఆదాయపు పన్ను లెక్కలో అతను నాన్‌రెసిడెంట్ అయితే కొనేవాళ్లు అతని వాటా మీద టీడీఎస్ కోయాలి. దేశంలో ఉండేవాళ్లకు వర్తించే 50 లక్షల పరిమితి ఇక్కడ ఉండదు. తక్కువ కోతకు ముందే పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకునే వీలుంది. ఇది తెలియక రిజిస్ట్రేషన్ రోజు ఆగిపోయే బేరాలు ఉంటాయి.

డబ్బు చేతికొచ్చాక

ముందు అప్పులు, ఇంకా మిగిలి ఉంటే మహర్, తర్వాత వాటాలు. ఉంటున్న ఇంటికి జకాత్ లేదు. కానీ అమ్మగా వచ్చిన డబ్బు నిసాబ్‌కు మించి ఉండి చాంద్రమానం ప్రకారం ఏడాది గడిస్తే 2.5 శాతం జకాత్ పడుతుంది. ఆ డబ్బుతో వెంటనే వేరే ఇల్లు కొనేస్తే లెక్క వేరు. ఈ ఒక్క సందేహం ముఫ్తీని అడిగి తేల్చుకోవాలి.

ఏజెన్సీ గంగారంలో ఇల్లున్న కుటుంబం ఈ వారం చేయగలిగినవి మూడే పనులు. రెవెన్యూ గ్రామం హోదా గురించి తహసీల్దార్‌కు అర్జీ పెట్టడం, పెట్టెలోని పాత కాగితాలు తీసి తేదీల వరుసలో పెట్టడం, వారసులందరినీ, అక్కాచెల్లెళ్లతో సహా, ఒక్కచోట కూర్చోబెట్టి లెక్క చెప్పడం. ఈ మూడూ అయ్యాకే బయానా మాట. అప్పటిదాకా ఎవరైనా డబ్బు కట్టలతో గుమ్మం దగ్గరికొచ్చినా, చాయ్ ఇచ్చి పంపించడమే మంచిది.